మొదటి పిలుపు పది గంటలకి

నది ఒడ్డునున్న మా పరానా ఊళ్ళో ఏ సంఘం సమావేశానికైనా రెండు పిలుపులు ఉంటాయి. మొదటి పిలుపు పది గంటలకి అని నోటీసులో వేస్తారు. సభ్యుల్లో సగం మందికి పైగా హాజరైతేనే అది చెల్లుతుంది. లేకపోతే అరగంట ఆగి రెండో పిలుపు. అప్పుడు ఎందరుంటే అందరితో కానిచ్చేయవచ్చు. చట్టం రాసిన పెద్దలు ఏ ఉద్దేశంతో రాశారో గాని, మేం మాత్రం దాన్ని ఒకే తీరుగా చదువుకున్నాం: పది అంటే పదిన్నర. నాకు అరవై రెండేళ్ళు. చర్చి కమిటీ, కరెంటు సహకార సంఘం, పడవల క్లబ్బు అన్నీ కలిపి వందకి పైగా సమావేశాలకి వెళ్ళి ఉంటాను. మొదటి పిలుపుకి సగం మంది వచ్చిన సమావేశం ఒక్కటీ చూడలేదు. ఆ వేళకి వచ్చేవాడు కుర్చీలు వేసేవాడే.

ఈ బద్ధకాన్ని మేం పెద్దమనిషి తరహా అనుకునేవాళ్ళం. అది ఎంతకి తెస్తుందో పోయిన ఏప్రిల్లో ఒక శనివారం తెలిసింది.

ముందు ఒర్నేరో సంగతి చెప్పాలి. స్తంభాల మీద మట్టిగూడు కట్టుకునే పిట్ట పేరు పెట్టిన డేటాబేస్ అది. పేర్లూ పద్దులూ రోగుల వివరాలూ భద్రంగా దాచి, అడిగినప్పుడు తీసి ఇస్తుంది. మా సాంకేతిక పాఠశాలలో పాఠాలు చెప్పే నీవెస్ గాల్యార్దో ఇరవై ఏళ్ళ కిందట దాన్ని మొదలుపెట్టింది. రాసిన ప్రతి వాక్యం బయట పెట్టేసింది. ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కరెంటు సహకార సంఘంలో గుమాస్తాగా ఉన్న నేను, పరదేశపు సరుకు కొనే తాహతు సంఘానికి లేక, దీన్ని పట్టుకున్నాను. నాకు పెద్ద చదువు లేదు. అందుకే నాలాంటివాళ్ళకి అర్థమయ్యేలా వాడుక పుస్తకం రాసే పని నాకు అప్పగించారు.

తర్వాత ఆసుపత్రులు వచ్చాయి, పాల సంఘాలు వచ్చాయి, చిలీ నుంచీ బొలీవియా నుంచీ మనుషులు వచ్చారు. అందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ఒర్నేరో అనే పేరు, దాని వెబ్‌సైటు సంఘానివే. కొత్త వెర్షన్ ఎప్పుడు విడుదల చెయ్యాలో, పాతదానికి ఎన్నాళ్ళు మరమ్మతు చెయ్యాలో తేల్చేదీ సంఘమే. ప్రోగ్రాంకి గాని వాడుక పుస్తకానికి గాని ఒక్క సవరణ పంపి అది అంగీకారమైతే చాలు, ఎవరైనా సభ్యులే. ఆ నియమం రాసింది నేనే. ఎంత ఉదారంగా ఉందో అని అప్పట్లో మురిసిపోయాను కూడా.

రాజధాని నుంచి కంపెనీ దిగింది మూడేళ్ళ కిందట. ఒర్నేరో వాడే పెద్ద ఆసుపత్రులకి ఫోన్లో సాయం అమ్ముకుంటుంది. అది తప్పని నేను అనను. రాత్రీ పగలూ ఫోన్ ఎత్తేవాడికి ఇల్లు గడవాలి కదా. అయితే అమ్మకం బాగా సాగేసరికి వాళ్ళకి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ పుట్టిన కంపెనీ ముందుగా చొక్కాలు కుట్టిస్తుంది. గుండె మీద ‘కుటుంబం’ అని అచ్చువేసిన నారింజ రంగు చొక్కాలు పంపారు. అన్నీ ఒకే సైజు. నాకు పొట్ట దగ్గర ఆగిపోయింది. నీవెస్ తన చొక్కాతో కిటికీలు తుడుచుకుంది.

మార్చిలో ఆ కంపెనీ తరఫున గాస్తోన్ రిగాంతి నీవెస్ ఇంటికి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, అందరం ప్రశ్నలూ జవాబులూ రాసుకునే మా మెయిల్ లిస్టులోనే ఓనమాలు దిద్దుకున్నవాడు. ఇప్పుడు అతని ఉద్యోగం పేరు కమ్యూనిటీ డైరెక్టర్. నేనూ అక్కడే ఉన్నాను. పెరట్లో ద్రాక్షపందిరి కింద ముగ్గురికీ ఒకే చిన్న సొరబుర్రలో మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి తిప్పుతోంది నీవెస్.

“ఏం దోన్యా నీవెస్, ఇంకా ఆ పాత కుర్చీయేనా? మా ఆఫీసు కుర్చీ ఒకసారి ఎక్కారంటే దిగరు.”

“దిగలేని కుర్చీలు నాకెందుకులే బాబూ. కాయితం తెచ్చావుగా, అది చూపించు.”

చూపించాడు. పేరు, వెబ్‌సైటు, విడుదల చేసే హక్కు కంపెనీకి రాసివ్వాలి. బదులుగా కంపెనీ ‘కమ్యూనిటీని గుండెకు హత్తుకుంటుంది’. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: మే ఒకటి నుంచి తొమ్మిదో వెర్షన్ కన్నా పాతవాటికి ఉచిత మరమ్మతు ఉండదు.

“హత్తుకోవడం అంటే ఏం చేస్తారు నాయనా?” అన్నాను. నిజంగానే తెలియక అడిగాను.

“అంటే దోన్ ఎవారిస్తో... తోడుగా ఉంటాం. ఏటా పెద్ద సభ పెడతాం. అందరి ఫోటోలూ గోడ మీద...”

“గోడ సంగతి తర్వాత,” అంది నీవెస్. “ఏడో వెర్షన్ ఏమవుతుంది?”

“ఏడు ముసలిదైపోయింది కదండీ.”

“నేనూ ముసలిదాన్నే. నన్నెప్పుడు ఆపేస్తున్నారు?”

“అయ్యో, అవేం మాటలు! మీరు మాకు అమ్మలాంటివారు.”

“అమ్మ గుమ్మం మీది పేరుపలక పీక్కుపోయే కొడుకుని మీ పేటలో ఏమంటారోయ్?”

గాస్తోన్ నవ్వాడు. ఏమన్నా నవ్వడానికే అతనికి జీతం. బుర్ర తిరిగి ఇస్తూ “థాంక్స్” అన్నాడు, అంటే ఇక వద్దని. రెండో గుక్కకే చాలన్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

అతను వెళ్ళాక నీవెస్ అంది: “తేరో పిట్ట ఒకచోట అరుస్తుంది, గుడ్లు ఇంకోచోట పెడుతుంది. వీడు కుటుంబం అని అరుస్తున్నాడు. గుడ్లు చిన్న అక్షరాల్లో ఉన్నాయి.”

ఆ చిన్న అక్షరాలు ఎవరి మీద పడతాయో మాకు తెలుసు. నది మధ్య లంకల్లో నలభై దాకా ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ఒకదాంట్లో ఫెలీసా మొరేయ్రా నర్సు, మిగతావాళ్ళ తరఫున మాట్లాడేది కూడా ఆమే. వాళ్ళ దగ్గరున్నవి మా కరెంటు సంఘం పారెయ్యబోయి ఇచ్చిన కంప్యూటర్లు. వాటి మీద ఏడో ఒర్నేరో నడుస్తుంది, ఎనిమిది ఎక్కదు. ఏ బిడ్డకి ఏ టీకా ఎప్పుడు వేశారో అంతా దాంట్లోనే. మరమ్మతు ఆగిపోతే కొనే దిక్కు లేదు, కొత్త మిషన్లు ఇచ్చే దిక్కు అంతకన్నా లేదు.

ఏప్రిల్ సమావేశంలో ఓటు వేసి తోసిపుచ్చుదాం అనుకున్నాం. ఈలోగా నా వాడుక పుస్తకానికి సవరణలు వచ్చిపడటం మొదలైంది. ఒకరు మూడో పేజీలో ఎక్కువైన ఖాళీ తీసేశారు. ఇంకొకరు పదకొండో పేజీలో ఇంకో ఖాళీ. ఒక అమ్మాయేమో ఒక బొమ్మని వెంట్రుకవాసి కుడికి జరిపింది. నా పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా చదివేవాళ్ళు దొరికారని ఉబ్బిపోయి, అన్నిటినీ అంగీకరించాను. ఒక్కొక్కరికీ విడివిడిగా కృతజ్ఞతలు రాశాను. ఆ ఆదివారం పూజలో వాళ్ళ కోసం ప్రార్థించాను కూడా. మా కార్యదర్శి అబెలార్దో సభ్యుల సంఖ్య పెరుగుతోందని రంగుల్లో గీత గీసి గోడకి అంటించాడు.

“కొండెక్కుతున్నాం చూడండి!” అన్నాడు.

నీవెస్ ఆ జాబితా తీసి ఒక్కో పేరూ చూసింది. డెబ్బై నాలుగు మంది కొత్త సభ్యులు. డెబ్బై నాలుగు మందీ కంపెనీ ఉద్యోగులే. పాతవాళ్ళం డెబ్బై మందిమి.

“ఎవారిస్తో, నీ పుస్తకంలో ఖాళీలు తీసి ఆ ఖాళీల్లో వీళ్ళు కూర్చున్నారు,” అంది.

నేను సిగ్గుతో చితికిపోయాను. ఆమే ధైర్యం చెప్పింది. పేరు వదులుకోవాలంటే హాజరైనవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మావాళ్ళు యాభై మంది ఖాయంగా వస్తామని మాటిచ్చారు. ఆ యాభై మంది గదిలో ఉంటే డెబ్బై నాలుగు చాలవు. పైగా ఫెలీసా స్వయంగా వచ్చి మాట్లాడుతుంది. మనుషుల్ని మేం సరిగ్గానే లెక్కపెట్టాం. గడియారాన్ని లెక్కపెట్టలేదు.

ఆ శనివారం ఎండ బాగా కాసింది. సమావేశం పేట గ్రంథాలయం పైహాల్లో. పదింటికి నేను ఎక్కడున్నానో చెప్పుకోవడానికి ఇప్పటికీ తల వంగుతుంది. రొట్టెల దుకాణంలో వరసలో నిలబడి ఉన్నాను, సమావేశానికి తీపి రొట్టెలు కొందామని. నీవెస్ రేవు దగ్గర ఫెలీసా పడవ కోసం చూస్తోంది. మిగతావాళ్ళు ఇళ్ళలో థర్మాసుల్లో వేణ్ణీళ్ళు నింపుకుంటున్నారు.

పదీ ఇరవై ఐదుకి రొట్టెల పెట్టె పట్టుకుని నేను మెట్లెక్కుతుంటే నారింజ చొక్కాలు దిగుతున్నాయి. వీధి మలుపులో రెండు బస్సులు ఇంజను ఆపకుండా నిలబడి ఉన్నాయి. పైన హాల్లో అబెలార్దో ఒక్కడే మిగిలాడు. కుర్చీలు వేసింది అతనే, మడుస్తున్నదీ అతనే.

“ఏమైందయ్యా?”

“అయిపోయింది దోన్ ఎవారిస్తో. పదయ్యేసరికి డెబ్బై నాలుగు మందీ కూర్చున్నారు. మొత్తం నూట నలభై నాలుగులో సగానికి ఇద్దరు ఎక్కువ. నోటరీని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆయన గడియారం చూపించి మొదలుపెట్టమన్నాడు.”

“కాస్త ఆగమనలేకపోయావా?”

“ఏమని ఆగమనను? మావాళ్ళు మాతే కలుపుకుంటున్నారని చెప్పనా? చట్టం చట్టమే కదా! వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే. అది కూడా రాసుకున్నారు, మర్యాదస్తులు.”

గాస్తోన్ మెట్ల మీద ఆగి, నా చేతిలోని పెట్టె వంక చూశాడు.

“బాధపడకండి దోన్ ఎవారిస్తో. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు. అది అందరిదీ. కావాలంటే నకలు తీసుకుని మీ పేరుతో నడుపుకోండి, అడ్డం ఎవరు? పేరొక్కటే మాది.”

“మరి లంకల్లోవాళ్ళ సంగతేంటి నాయనా?”

“వాళ్ళకి ప్రత్యేక తగ్గింపు ఇస్తాం. రాసి పంపమనండి.”

పోయి బస్సెక్కాడు. దేవుడు నన్ను క్షమించుగాక, టైరు పంచరు కావాలని నిండు మనసుతో కోరుకున్నాను. కాలేదు.

పదిన్నరకి మావాళ్ళు తీరుబడిగా వచ్చారు. నలభై ఎనిమిది మంది. విషయం విని గ్రంథాలయం ముందు కాలిబాట మీదే ఉపన్యాసాలు మొదలుపెట్టారు. కోర్టుకి వెళ్దామని ఒకరు, పత్రికకి రాద్దామని ఒకరు. నకలు తీసుకుని కొత్త పేరు పెడదామని ఇంకొకరు అనగానే అందరికీ ఒక్కసారి హుషారొచ్చింది. ఇక చూడాలి ఆ వైభవం. పిట్ట పేరే పెట్టాలా, చేప పేరు పెట్టకూడదా? పిట్ట అయితే నీటి పిట్టా, గట్టు పిట్టా? బొలీవియా నుంచి వచ్చినాయన కొండ మీది పిట్టలకి అన్యాయం జరుగుతోందని అలిగాడు. పదికి రాలేని మనుషులు పన్నెండు దాకా ఎండలో నిలబడి పిట్టల జాతుల మీద కొట్టుకున్నారు. నేను కొన్న రొట్టెలు మాత్రం అయిపోయాయి.

ఫెలీసా తెల్ల కోటుతో వచ్చి, మాట్లాడవలసింది చీటీ మీద రాసుకుని, వినేవాడు లేక ఒక పక్కన నిలబడి ఉంది. చివరికి చెయ్యెత్తింది.

“ఒక్క మాట అడగనా? ఒంటిగంటకి నా పడవ వెళ్ళిపోతుంది. మే ఒకటి తర్వాత నా మిషన్ ఆగిపోతే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి?”

పిట్టల పండితులంతా ఖాళీ రొట్టెల పెట్టె వంక చూశారు.

“నాకు చెయ్యి,” అంది నీవెస్.

“మీకు జ్వరమొస్తే?”

“ఎవారిస్తోకి చెయ్యి.”

“ఆయనకి ఏం తెలుసు?”

“ఏమీ తెలియదు. కానీ ఫోన్ ఎత్తుతాడు.”

నలుగురూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజంతటిలో నా గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే అనిపించింది.

సోమవారం మా కరెంటు సంఘం పెద్దని బతిమాలి ఒక ఫోన్ లైను, మూలనున్న ఒక కంప్యూటరూ తీసుకున్నాం. నకలు అందులో పెట్టాం. పేరు సంగతి అడిగితే నీవెస్, “ఏడు. అంతే. ఏడుని ఏడు అనడానికి ఏ నోటరీ అక్కర్లేదు,” అంది. పిట్టలవాళ్ళు నొచ్చుకున్నారు. కొత్త మెయిల్ లిస్టులో చేరినవాళ్ళు పంతొమ్మిది మంది. మిగతావాళ్ళు ఒర్నేరో పేరున్నచోటే ఉండిపోయారు. పెద్ద సభకి వెళ్ళి గోడ మీద ఫోటోలు కూడా దిగారట.

మా దగ్గర చలికాలం మొదలయ్యే జూన్‌లో అసలు పరీక్ష వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏడో వెర్షన్‌లో ఆఖరున రాసిన వివరాలు ఒకరివి ఒకరి పేరు పక్కన పడుతున్నాయని ఫెలీసా ఫోన్ చేసింది. ఒక బిడ్డ టీకా ఇంకో బిడ్డ పేరు మీద కనిపించింది. లంకల్లో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోతుంది. నీవెస్ మిగతా పనులన్నీ పక్కనపెట్టి దాని మీద కూర్చుంది.

ఆ మర్నాడే మా లిస్టులో లూస్ అనే ఒక అమ్మాయి చేరింది. తను విద్యార్థిననీ, ఇంటిపాఠం కోసమనీ రాసి, అచ్చం ఇదే తప్పు గురించి అడిగింది. చాలా అర్జెంటు అట. కింద అంటించిన నమూనా చూస్తే నాలుగు వందల పడకల వివరాలు ఉన్నాయి. ఇంటిపాఠంలో నాలుగు వందల పడకలున్న విద్యార్థిని నేను మొదటిసారి చూశాను. నీవెస్ కళ్ళజోడు పైకి నెట్టి చదివింది.

“ఇది కంపెనీవాళ్ళే. ఏడో వెర్షన్‌కి డబ్బు కట్టే ఆసుపత్రి ఏదో ఉంది వీళ్ళకి. బాగుచేసేవాడు మాత్రం వీళ్ళ దగ్గర లేడు.”

నా మనసులో ఒక పాడు ఆలోచన మెదిలింది. దాన్ని బయటికి కూడా అనేశాను. “ఒక్క రెండు రోజులు ఆగి ఇద్దామా? ఫెలీసాకి ఫోన్లో చెప్పేద్దాం, లిస్టులో పెట్టొద్దు. వాళ్ళ బండారం బయటపడుతుంది.”

“బయటపడేది బండారమా, మంచం మీద ఉన్నవాడి ప్రాణమా?” అంది నీవెస్. “ఆ రెండు రోజుల్లో ఒకడి రక్తం గ్రూపు ఇంకొకడి పేరు పక్కన పడిందనుకో. ఆదివారం చర్చికి వెళ్ళి ఏం చెప్తావయ్యా?”

“మరి మనం ఊరికే ఇస్తే, వాళ్ళు అమ్ముకుంటే? అదీ న్యాయమేనా?”

“న్యాయం కాదు. కానీ రోగికి ఆ తగువుతో సంబంధం లేదు.”

అవును అన్నాను గాని నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇచ్చినదాన్ని తీసుకున్నవాడు అమ్ముకుంటే ఇచ్చినవాడు ధర్మాత్ముడా, వెర్రివాడా? జపమాల పట్టుకున్నప్పుడు కూడా ఇదే ప్రశ్న వేలికి తగులుతూ ఉండేది. ఇప్పటికీ తగులుతుంది.

గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి నీవెస్ మరమ్మతు అందరికీ కనబడేలా లిస్టులో పెట్టింది. లూస్ కృతజ్ఞతలు కూడా చెప్పకుండా మాయమైంది. నాలుగింటికి కంపెనీ తన ఖాతాదారులకి నారింజ ముద్రతో ఉత్తరం పంపింది: ‘మా నిపుణుల బృందం నిద్రాహారాలు మాని’ తయారుచేసిన మరమ్మతు ఇదిగో అని. నిపుణుల తొందర ఎంతటిదంటే, మరమ్మతు మొదట్లో నీవెస్ రాసుకున్న వాక్యాన్ని కూడా తీసెయ్యలేదు. ‘ఈ భాగం రాసింది నీవెస్, పరానాలో, కాళ్ళ మీద కుక్క పడుకుని ఉండగా.’

శుక్రవారం ఉదయం నాకు ఫోన్ వచ్చింది. శాంతా ఫేలో ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఒనోరియో అట.

“అయ్యా, నీవెస్ గారంటే ఎవరు? ఆ కుక్క ఎవరిది? మేం కంపెనీకి కట్టేది ఎందుకో నాకు కొంచెం చెబుతారా?”

చెప్పాను. ఎవరినీ తిట్టకుండా జరిగిందే చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, మీతోనే ఒప్పందం చేసుకుంటామన్నాడు. వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

“మా ఆడిటర్ ఒప్పుకోవడం లేదండీ. పేరున్న కంపెనీయే కావాలట. ఏడు అంటే అది పేరా, అంకెనా అంటున్నాడు. ఏమనుకోకండి.”

“అనుకోవడానికేముంది బాబూ. ఏదైనా ఆగిపోతే మాత్రం ఫోన్ చెయ్యండి.”

“చేస్తామండీ,” అన్నాడు. తర్వాత చేశాడు కూడా, రెండుసార్లు.

అయితే ఒనోరియో నోరు మంచిది. ఆయన చెప్పగా విని రెండు పల్లె ఆసుపత్రులూ ఒక పాల సంఘమూ మా కరెంటు సంఘం పేరు మీద ఒప్పందం రాసుకున్నాయి. నీవెస్ పాఠశాలలో సాయంత్రం తరగతులు మానుకుని ఏడో వెర్షన్ చూసుకునేందుకు అది సరిపోతుంది. ఎన్నాళ్ళు సరిపోతుందో నాకు తెలియదు. ఆమె కళ్ళు మునుపటిలా లేవు, ఆమె పని నేర్చుకుంటామన్నవాళ్ళు పంతొమ్మిది మందిలో ఇద్దరే.

లంకల్లోని నలభై కేంద్రాల్లో ఆ మరమ్మతు చివరగా ఎక్కింది ఫెలీసా దగ్గరే. ముందు తోటివాళ్ళందరికీ చేయించి తర్వాత తను చేసుకుంది. ఆ రోజు నీవెస్‌కి నిజంగానే జ్వరం. ఫోన్ ఎత్తింది నేను. నా పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్కో అడుగూ చదివాను, ఆమె అటు చేసింది. తొమ్మిదో అడుగులో ఇద్దరం తికమకపడ్డాం. ఆ పేజీలో నేను రాసిందే తప్పు. అంత మంది ఖాళీలు ఏరినవాళ్ళలో ఒక్కరికీ అది కనబడలేదు. పెన్సిలుతో దిద్ది మళ్ళీ చదివాను.

“ఇప్పుడు మెయిన్ ఆపేసి మళ్ళీ వెయ్యి అమ్మాయ్.”

“మీరు చెప్పక్కర్లేదు దోన్ ఎవారిస్తో, ఇప్పుడే దానంతట అదే పోయింది.”

ఇద్దరం కాచుకున్నాం. అవతల గోడ గడియారం చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. కరెంటు వచ్చింది, మిషన్ మూలిగింది. ఆమె ఉదయం రాసిన పేరు తీసింది.

“బెనీతెస్, మిలాగ్రోస్. నాలుగు నెలలు. పోలియో, రెండో మోతాదు. ఈవేళ తారీఖు. తల్లి పేరు సరే. బరువు సరే.” మళ్ళీ పైనుంచి చూసుకుంది. “ఆ పిల్లదే, ఎవరిదీ కలవలేదు.”

“ఇంకొకటి కూడా చూడు.”

“తర్వాత చూస్తా. రేవులో పడవ ఆగింది, ఎవరో బిడ్డనెత్తుకుని పరిగెత్తుకొస్తున్నారు,” అని ఫోన్ పెట్టేసింది.